గడ్డి మేసి వచ్చిన కొయ్యగుర్రం

కరీంనగర్‌లోని మా ఆఫీసులో సర్వర్ పని చూసే మేడం ఒక నియమం పెట్టారు. ఆమె తెచ్చిన నిర్మల్ కొయ్యగుర్రం ఎవరి బల్లపై ఉంటే, కొత్త కోడ్‌ను సర్వర్‌లోకి ఎక్కించే హక్కు వారిదే. ఇద్దరు ఒకేసారి ఎక్కించి సైటును పడగొట్టిన నాటి నుంచి అందరం దానికి కట్టుబడ్డాం.

ఒక ఆదివారం మేనేజర్ తొందరపెట్టారు. వేములవాడ గుడి గదుల బుకింగ్‌కు రాసిన కొత్త కోడ్ ఆ రోజే ఎక్కాలన్నారు. తెల్లవారితే సోమవారం, భక్తుల రద్దీ.

"జర ఆగుండ్రి సార్, టెస్టింగ్ కాలే. ఒక్క గదికి ఇద్దరొచ్చి తాళమడిగితే ఎట్ల?" అన్నారామె.

ఆయన వినలేదు. తీరా ఎక్కించబోతే గుర్రం లేదు! అందరం వెతికాం; ఆమె ఒకే బీరువాను మూడుసార్లు వెతికారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా తెరవలేదు.

"నాకియ్యాల ఒక్కపొద్దు."

నాలుగేళ్ల నా డైరీలో ఆమె ఉపవాసమున్న రోజు అదొక్కటే.

సోమవారం పాత కోడ్‌తోనే సాఫీగా గడిచింది. మంగళవారం పరీక్షిస్తే, కొత్త కోడ్ ఒకే గదిని ఇద్దరికి ఇచ్చింది. దాన్ని సరిచేసిన గంటకే గుర్రం బల్లపై నిలిచింది.

"ఏడికి పోయిందమ్మా గిది?" అన్నారు మేనేజర్.

"గడ్డి మేయ పోయింది సార్. కడుపు నిండినంక అదే వచ్చింది."

గుర్రం తోకకు మామిడికాయ తొక్కు అంటి ఉంది. ఆ సంగతి డైరీలో రాసుకున్నాను. మేనేజర్‌కు మాత్రం చెప్పలేదు.