మూసిన తలుపు అవతల నాయన కేసు

మా నాయన ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఉరవకొండలో శెనక్కాయల మండీ నడిపినాడు. రైతు మూట దించితే పైనున్న కాయల వైపు చూసేవాడే కాదు. చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగున ఉన్నవి తీసి, ఒలిచి నోట్లో వేసుకున్నాకే మాట్లాడేవాడు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తగ్గితే మరిచిపోయినామని అనుకోడు. ఏదో కోపం మనసులో పెట్టుకొని తక్కువ వేసినామని అనుకుంటాడు. అమ్మ పోయినాక ఆయనకు వండేది కూతుర్నైన నేనే. మా ఇల్లు అదే వీధిలో, నాలుగు గడపల అవతల.

దగ్గు మొదలైనప్పుడు ఆయన అనుమానపడింది దగ్గును కాదు, మమ్మల్ని.

"మండీ మాన్పించేదానికి సాకు చూస్తాండారు మీరు" అనేవాడు.

మండీ దుమ్ములో బతికినవాళ్ళకు దగ్గు కొత్తేమీ కాదు. నాయన బీడీ మానేసి చాలా కాలమైంది కాబట్టి ఆ వైపు మేమూ ఆలోచించలేదు. ఊళ్ళో డాక్టరు టీబీ అన్నాడు. ఆ మాత్రలు మింగి మింగి నాయనకు అన్నం సయించకుండా పోయింది గాని దగ్గు తగ్గలేదు. ఒకరోజు పొద్దున మొహం కడుక్కుంటా ఉమ్మితే ఎర్రగా పడింది. అనంతపురంలో స్కాన్ తీసినారు. అక్కడి డాక్టరు మా అన్నను ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడినాడు. బయటికొచ్చిన అన్న నన్ను పక్కకు పిలిచినాడు.

"నాయనకు చెప్పొద్దు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చెప్దాం" అన్నాడు అన్న.

బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అన్నకు అదీ ఒకందుకు మంచిదే అనిపించింది. ఆడ బోర్డులన్నీ కన్నడంలో, ఇంగ్లీషులో ఉంటాయి, నాయనకు తెలుగు తప్ప చదవడం రాదు కదా అని. కారు దిగి లోపలికి నడుస్తాంటే నాయన ఒక తలుపు ముందర ఆగినాడు. తల పైకెత్తి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోకుండా, గడగడా చదివినాడు.

"క్యాన్సర్ విభాగ."

అన్న నా మొహం చూసినాడు, నేను అన్న మొహం చూసినాను.

"నిమ్ముకు ఈడ మందిస్తారా?" అన్నాడు నాయన. "మీరు పుట్టకముందు బళ్ళారిలో మా మామ మండీలో పనిచేస్తి నేను. కన్నడం ఆడనే నేర్చుకుంటి. ఇంకా ఏమేం దాచినారో అంతా చెప్పండి. అప్పుడు వస్తా లోపలికి." అని పక్కనున్న మెట్ల మీద కూర్చున్నాడు.

అన్న తల దించుకొని చెప్పినాడు. నాయన అంతా విన్నాడు. ఏడవలేదు, కోప్పడలేదు. కాని ఆ రోజు నుంచి ఆసుపత్రివాళ్ళను ఎంత అనుమానించినాడో మమ్మల్నీ అంతే అనుమానించినాడు. నేను ఫోను మాట్లాడడానికి వరండా చివరికి పోతే, తిరిగి వచ్చేదాకా నా వైపే చూస్తా కూర్చునేవాడు.

మొదట చూసింది ఊపిరితిత్తుల డాక్టరమ్మ. నడివయసు మనిషి, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతుంది. గొంతులోకి సన్నని గొట్టం పంపి లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరే అని తేలింది. ఆ మాట నాయన ముందే చెప్పి, "యజమాన్రే, మీ కేసు గురువారం మీటింగులో పెడతాము" అంది.

కేసు అనే మాట నాయనకు కోర్టుల దగ్గరే తెలుసు. "నేనేం తప్పు చేసినానని కేసు?" అన్నాడు.

ఆమె నవ్వి, వివరంగా చెప్పింది. కోసేవాళ్ళు ఒకరు, రేడియేషన్ కరెంటు పెట్టేవాళ్ళు ఒకరు, మందులెక్కించేవాళ్ళు ఒకరు, స్కాన్ చదివేవాళ్ళు ఒకరు, ముక్కను భూతద్దం కింద పెట్టి చూసేవాళ్ళు ఒకరు. అందరూ వారానికొకసారి ఒక గదిలో కూర్చొని ఒక్కో మనిషి గురించి మాట్లాడుకొని, ఏం చేయాలో ఒక మాట అనుకుంటారంట.

"నాకుండేది ఒక్క రోగమే కదమ్మా. ఇంతమంది ఏం చేసుకుంటారు దాన్ని?" అన్నాడు నాయన.

ఆమె వెళ్ళినాక నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నలుగురు వ్యాపారస్తులు తలుపేసుకొని మాట్లాడుకున్నారంటే, బయటుండే రైతుకు ఏమవుతాదో నాకు తెలుసు పాపా. నేనూ ఆ గదుల్లో కూర్చున్నోణ్ణే."



గురువారం లోపల ఆయన సొంతంగా విచారణ మొదలుపెట్టినాడు. ఏ డాక్టరు కనబడినా అదే ప్రశ్న. "నన్ను కోస్తారా, కోయరా?" సర్జన్‌ను అడిగినాడు. రేడియేషన్ డాక్టరును అడిగినాడు. ఎక్సర్‌సైజులు నేర్పే ఆయనను కూడా వదల్లేదు. అందరూ "గురువారం తర్వాత చెప్తాము" అన్నారు.

"చూస్తివా? అందరికీ ఒకే పాఠం నేర్పినారు" అన్నాడు నాకు. పల్లెటూరోడి మాటలు అనుకుందామంటే, నాకూ లోలోపల అదే అనిపిస్తాండె.

గురువారం ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నాము. మమ్మల్ని అక్కడ ఉండమని ఎవరూ అనలేదు. నాయనే పట్టుబట్టి కూర్చున్నాడు. తలుపుకు పైన చిన్న అద్దం. అందులోంచి చూస్తే లోపల గోడ మీద ఒక ఛాతీ బొమ్మ నలుపు తెలుపుల్లో మెరుస్తాంది. అది నాయనదే అయ్యుండొచ్చు, ఇంకెవరిదైనా అయ్యుండొచ్చు. ఇంగ్లీషు మాటలు వినబడినాయి. మధ్య మధ్యలో కన్నడం. కాసేపటికి గొంతులు పెరిగినాయి. ఒకాయన గట్టిగా ఏదో అన్నాడు, ఇంకొకాయన అంతకంటే గట్టిగా.

నాయన ముందుకు వంగి విని, నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్లాడుతాండారు. ఒకడు తీసేయొచ్చు అంటాండాడు, ఇంకొకడు వద్దే వద్దంటాండాడు."

నాకు భయమేసింది. ఆయన మొహంలో మాత్రం చాలా రోజుల తర్వాత ఏదో హుషారు కనబడింది.

డాక్టరమ్మ బయటికి రాగానే నాయన లేచి నిలబడి, శుద్ధమైన బళ్ళారి కన్నడంలో అడిగినాడు, వద్దన్నది ఎవరని. ఆమె ఉలిక్కిపడింది. అంతవరకు ఈ ముసలాయనకు కన్నడం వచ్చని ఆమెకు తెలీదు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తుందనుకున్నాను. ఆమె మళ్ళీ తలుపు తెరిచి, "లోపలికి రండి" అంది.

లోపలున్నవాళ్ళకు అది నచ్చినట్టు లేదు. అయినా కుర్చీలు జరిపినారు. డాక్టరమ్మ బొమ్మ చూపించి చెప్పింది. రోగం కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో ఉంది. అది మాత్రమే అయితే ఆ భాగం కోసి తీసేయొచ్చు. కాని రెండు ఊపిరితిత్తుల నడుమ ఒక గ్రంథి కూడా స్కాన్‌లో వెలుగుతాంది. రోగం అక్కడికి పాకిందని, కాబట్టి కోయడం దండగని రేడియేషన్ డాక్టరు అంటాడు. మీ వైపు మనుషులకు పాత టీబీ వల్ల, దుమ్ము వల్ల కూడా గ్రంథులు అట్లే వెలుగుతాయని సర్జన్ అంటాడు.

"అయితే మీకు తెలీదు" అన్నాడు నాయన.

"తెలీదు" అంది డాక్టరమ్మ. "సన్నని సూదితో ఆ గ్రంథి నుంచి కొంచెం తీసి చూస్తే తెలుస్తుంది."

బయటికొచ్చినాక అన్న మండిపడినాడు. "ఇంకో పరీక్ష! ఇది తేలదు నాయనా. దుడ్లు గుంజేదానికి ఈళ్ళు ఆడే నాటకం."

"చెయ్యనీ" అన్నాడు నాయన. "అందరూ ముందే ఒక మాట మీద ఒప్పుకొని వచ్చినట్టుంటే నేను లేచి ఇంటికి పోయేవాణ్ణి. ఒకరికొకరికి పడలేదు. అందుకే ఉంటా."

ఆ సూది పరీక్ష కోసం ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఇంకొక డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. అప్పటికే పక్క మంచం మనిషి భార్య, ముదిగుబ్బ నుంచి వచ్చినామె, నా చెవిలో వేసింది. "ఆ డాక్టరమ్మ వచ్చిందంటే ఇంక ఆశ లేదని అర్థమమ్మా. మా ఆయన దగ్గరికీ వస్తాంది." అందుకే గది వాకిలికి అడ్డంగా నిలబడినాను.

"మాకు మీరు అక్కర్లేదు" అన్నాను.

"దగ్గుకు, ఆయాసానికి, నిద్రకు మందిచ్చేది నేను. ఆపరేషన్ చేయించుకొని ఇంటికి పోయేవాళ్ళ దగ్గరికి కూడా పోతాను" అంది ఆమె. నేను కదల్లేదు. అబద్ధమాడడం బాగా నేర్చిన మనిషి అనుకున్నాను.

లోపలినుంచి నాయన దగ్గుతానే అరిచినాడు. "రానీ పాపా! ఆమె ఏం చెప్తాదో అదీ విందాం."

ఆమె ఒక సీసా మందు రాసిచ్చింది. ఆ రాత్రి నాయన దగ్గకుండా పడుకున్నాడు. అన్ని నెలల తర్వాత ఆ నిశ్శబ్దం వింటా ఉంటే సంతోషం రాలేదు నాకు, దిగులు వచ్చింది. తెల్లారగానే ఊపిరితిత్తుల డాక్టరమ్మను పట్టుకొని నిలదీసినాను. ఆ సీసాలో ఉండేది ఏందని.

"నల్లమందు జాతి మందు. చాలా కొద్దిగా. దగ్గు ఆగడానికి" అని చెప్పింది, దాచకుండా.

నాయనకు చెప్తే ఆయన నవ్వినాడు. "మా తాతకు కూడా ఇష్టమే ఆ సరుకు" అన్నాడు.

సూది పరీక్షలో గ్రంథి శుభ్రంగా ఉందని వచ్చింది. సర్జన్ మాట గెలిచింది. కాని గొట్టంలోకి ఊదే పరీక్షలో నాయన ఊపిరి చాలలేదు. కొన్ని వారాలు ఇంటిదగ్గర ఊపిరి ఎక్సర్‌సైజులు చేసి రమ్మన్నారు. ప్లాస్టిక్ డబ్బాలో మూడు గోళీలు. గట్టిగా పీలిస్తే పైకి లేస్తాయి. నాయన మండీలో కూర్చొని పీల్చేవాడు. వచ్చినవాళ్ళు ఏమప్పా ఇది అంటే, "పిల్లోళ్ళ ఆటవస్తువు చేతిలో పెట్టి పంపినారు బెంగళూరోళ్ళు" అనేవాడు. కాని మానలేదు. గోళీలు మూడూ లేచిన రోజు నన్ను పిలిపించి చూపించినాడు.

ఆపరేషన్ అయింది. పక్కటెముకల మధ్య గొట్టంతో, మాట బయటికి రాకుండా పడుకున్నాడు. మూడో నాడు కూర్చోబెట్టినారు. రోగమంతా తీసేసినామని సర్జన్ చెప్పినాడు. అన్న ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసినాడు.

తర్వాత వారం సర్జన్, రేడియేషన్ డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరమ్మ ముగ్గురూ కలిసి వచ్చినారు. ముగ్గురు కలిసి రావడం చూడగానే నాయన దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. కోసి తీసినవాటిని భూతద్దం కింద చూస్తే, ఒక చిన్న గ్రంథిలో రోగం కనబడిందంట. సూది అందని చోట ఉండే గ్రంథి అది.

"ముందే తెలిసుంటే మొదట మందు ఎక్కించి, తర్వాత కోయడం గురించి ఆలోచించేవాళ్ళం" అన్నాడు సర్జన్. "ఇప్పుడు మందులు ఎక్కించాలి."

నాయన రేడియేషన్ డాక్టరు వైపు చూసినాడు. "అయితే నువ్వు చెప్పిందే నిజమా?"

ఆయన గెలిచినట్టు మాట్లాడలేదు. "కొంత నిజం. నేను చూపించిన గ్రంథి కాదు, వేరేది" అన్నాడు.

అన్న గొంతు పెంచినాడు. అంతా తీసేసినామని ఏ మొహంతో చెప్పినారని అడిగినాడు. వాళ్ళు వాదించలేదు. కళ్ళకు కనబడినంతా తీసినామని, కనబడనిది ఉందని ఇప్పుడే తెలిసిందని చెప్పి, నిలబడే ఉన్నారు. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రం గంజి తాగిస్తాంటే చెంచా పక్కకు నెట్టి అన్నాడు.

"నేను అడక్కపోతే చెప్పేవాళ్ళా పాపా?"

"నువ్వు అడగలేదు కదా నాయనా. వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్పినారు."

"నాకు కన్నడం వచ్చని తెలిసినాక కదా" అన్నాడు. "ఎవరో ఒకరు వరండాలో మాట్లాడితే నా చెవిన పడతాదని చెప్పినారేమో."

చెంచా మళ్ళీ ఆయన నోటి దగ్గర పెట్టినాను. కన్నడం రాని పక్క మంచం మనిషికి ఏ గురువారం ఏం చెప్పినారో నాకు తెలీదు. మేము ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆయనను ముదిగుబ్బకు తీసుకుపోయినారు. ఆయన భార్య పోయేటప్పుడు నాకు చెప్పి పోలేదు.

మందులు ఎక్కించుకుంటానని నాయన ఒప్పుకున్నాడు, తన షరతుతో. ప్రతి మీటింగు తర్వాత లోపల ఎవరు ఏమన్నారో ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చి చెప్పాలి. ఎవరు వద్దన్నారో కూడా చెప్పాలి. ఆమె ఒప్పుకొని, మాట నిలబెట్టుకుంది. కొన్నిసార్లు అలిసిపోయి, నిలబడే రెండు ముక్కల్లో చెప్పి పోయేది. అట్లా చెప్పినప్పుడు నాయనకు సగమే నమ్మకం కుదిరేది. మందుల నెలల్లో జుట్టు పోయింది, రుచి పోయింది, కోపం మాత్రం అట్లే ఉండింది. దగ్గు మందు డాక్టరమ్మ వాంతులకు కూడా మందిచ్చింది. ఆమె వస్తే నేను ఇప్పుడు వాకిలికి అడ్డం పోను. ఆమె చెప్పింది మాత్రం ఇంటికొచ్చి మా అన్న కొడుకుతో ఫోనులో వెతికించి చూస్తాను.

మండీ ఇప్పుడు అన్న చూసుకుంటాడు. నాయన మిద్దె ఎక్కలేడు, సంతదాకా నడవలేడు, కాని మండీలో కుర్చీ వేసుకొని అన్న చేసేవన్నీ తప్పుపడతాడు. పోయినసారి స్కాన్‌లో ఏమీ లేదని చెప్పినారు. ఎట్లుండాది అని ఎవరైనా అడిగితే "ఏమీ లేదంటాండారు" అంటాడు. లేదు అని మాత్రం అనడు.

నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టి, ఆయన పడుకున్నాక వంటింట్లో గిన్నెలు సర్దుకుంటాంటే లోపల దగ్గు వినబడింది. పొడిదా, తడిదా అని చేతులు కదపకుండా నిలబడినాను. ఇంకోసారి దగ్గితే తెలుస్తుందని నిలబడే ఉన్నాను.

"ఇంటికి పో పాపా, ఉమ్మి పొరబోయింది, అంతే" అని ఆయనే లోపలినుంచి అన్నాడు.

నేను పోలేదు. ఆయన ఊపిరి సర్దుకునేదాకా ఆడనే నిలబడినాను.