ఒకవైపే వినిపించిన పిల్లికూతలు

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది చలికాలంలో నన్ను మంచిర్యాల వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఛాతీ వైద్యురాలిగా వేశారు. హోదా సివిల్ సర్జన్. గదికి మాత్రం తలుపు సరిగా పడేది కాదు.

ఒకరోజు చెన్నూరు పక్క పల్లె నుంచి లావణ్య అనే ఆవిడ ఐదేళ్ల కూతురితో, అత్తగారితో వచ్చింది. భర్త మస్కట్‌లో ఉంటాడు. పాపకు రెండు నెలలుగా దగ్గు, ఆయాసం. అంతకుముందు చూసినవాళ్లు ఉబ్బసమని నోట్లో కొట్టుకునే మందు పంపు రాశారు, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. అందులో వింత లేదు. ఉబ్బసం ఉన్నవాళ్ల ఛాతీ కూడా ఫిల్ములో చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది.

"దమ్మన్నరు మేడం. పంపు కొడుతనే ఉన్న, తగ్గుతలేదు. నడుమనడుమ జరం గూడ వస్తుంది," అంది లావణ్య.

ఉబ్బసంలో సన్నటి గాలిగొట్టాలు రెండు ఊపిరితిత్తుల్లోనూ బిగుసుకుంటాయి. కాబట్టి పిల్లికూతలు రెండు వైపులా వినిపించాలి. ఈ పాపకు కుడివైపే వినిపించాయి. ఇన్ని చీటీలు రాసినవాళ్లలో ఒక్కరైనా రెండో పక్క స్టెతస్కోపు పెట్టారా అని నాకు చిర్రెత్తుకొచ్చింది.

పాప ఏదైనా మింగి పొలమారిందా అని అడిగాను. లావణ్య అత్త వైపు చూసింది. తను పత్తి ఏరడానికి పోతే పాప బాపమ్మ దగ్గరే ఉంటుంది.

"ఏం మింగలే. గసొంటిదేం గాలే," అని పెద్దావిడ తెగేసి చెప్పింది.

ఛాతీ ఎక్స్‌రే మామూలుగా నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు తీస్తారు. పాప గాలి వదిలాక కూడా ఒకటి తీయమన్నాను. రేడియోగ్రాఫర్ తన వేలు చూపించి, దీపం అనుకుని ఊదమంటే పాప బుగ్గలు ఉబ్బించి ఊదింది. ఆ ఫిల్ములో ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుని కాస్త తెల్లబడింది. కుడిది నల్లగా, ఉబ్బి అలాగే ఉండిపోయింది. గుండె ఎడమకు జరిగింది. కుడివైపు పోయిన గాలి తిరిగి రావడం లేదంటే దారిలో ఏదో అడ్డు ఉన్నట్టే. కుడి గాలిగొట్టం ఎడమదానికంటే వెడల్పు, నిటారు కూడా. జారిపడిన వస్తువు ఎక్కువగా అటే పోతుంది.

ఫిల్ము వెలుతురుకు పట్టి ఇద్దరికీ చూపించాను. ఈసారి మింగిందా అని అడగలేదు. దగ్గు మొదలైన రోజుల్లో ఇంట్లో ఏం తిన్నారని అడిగాను.

పెద్దావిడ ఫిల్మునే చూస్తూ చెప్పింది. "సీతాఫలాలు. తినుకుంట నవ్వింది. దగ్గి దగ్గి మొకం నీలవడ్డది. జరసేపటికి మంచిగైంది. గింజ కడుపులకు పోయిందనుకున్న. నా కొడుకు ఫోన్ల నన్నే అంటడని చెప్పలే."

"చెప్తె నేనేమన్న అంటుంటినా అత్తా," అంది లావణ్య. ఆమెకు కోపం కంటే ఏడుపే ఎక్కువగా వచ్చింది. నాకూ బాధగానే అనిపించింది.

కరీంనగర్ పంపిస్తే అక్కడ మత్తు ఇచ్చి, నోటి గుండా గొట్టం దింపి గింజ తీశారు. సీతాఫలం గింజ ఎక్స్‌రేలో కనబడదు. అది ఆపిన గాలి మాత్రం కనబడుతుంది. పాప మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు రెండు వైపులా విని పంపు మాన్పించాను.

పిల్లికూతలు ఒకవైపే ఉంటే ఉబ్బసమని రాసి ఊరుకోకూడదని చదువుకున్న రోజుల నుంచీ తెలుసు. ఆ గదిలో నేర్చుకున్నది వేరు. పిల్ల ఏం మింగిందని అడిగితే, తప్పెవరిదని అడిగినట్టే ఇంట్లోవాళ్లకు వినిపిస్తుంది. ఏం తిన్నారని అడిగితే చెబుతారు.