మా చిన్నాన్న నీటిరంగుల గుట్ట

మా చిన్నప్పుడు... ఓర్వకల్లు దగ్గర మా ఊరి వెనక ఉన్న రాతిగుట్టకు కంకర మిషన్ వస్తోందని తెలిసిన రోజు, మా చిన్నాన్న పని మానుకుని, గుట్టకెదురుగా గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. వాళ్లు పగలగొట్టేలోగా దాన్ని కాగితం మీదికి ఎక్కించాలని ఆయన పట్టుదల.

ఆయన కర్నూల్లో అంగళ్లకు బోర్డులు రాసేవాడు. నీటిరంగులు ముట్టుకోవడం అదే మొదలు. మా ఎండల్లో అదో తిప్పలు... కుంచె ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలోగా మొదలుపెట్టిన చోట రంగు ఆరిపోయేది. పైగా బోరునీళ్లు. ఆరినాక కాగితం మీద తెల్లగా ఉప్పు తేలేది. ఆ నీళ్లతో కందిపప్పు కూడా ఉడికేది కాదు... అదెత్తుకుంటే ఈ పూటకు తెమలదు.

అయినా బొమ్మ కుదిరింది. ఎర్రబారిన బండలు, ఎండిన బోదగడ్డి, కాస్త నీడ. గుట్ట గుట్టలాగే ఉంది.

మా అవ్వ వచ్చి చూసింది.

"శానా బాగుండాదప్పా. అయితే కరువును తెచ్చి ఎవరన్నా గోడకు తగిలించుకుంటారా? రోంత పచ్చగా ఎయ్యి."

కన్నతల్లి మాట. పచ్చ వేశాడు. పచ్చ ఉంటే మబ్బుండాలంది. మబ్బు వేశాడు. మబ్బుంటే వంకలో నీళ్లుండొద్దా అంది... బోర్డు రంగయితే తప్పు మీద ఇంకో పూత పూస్తే కింద ఉన్నది కనబడదు. నీటిరంగు అట్లా వినదు. ఆయన చేయేమో బోర్డు చేయి. పూత మీద పూత... సాయంత్రానికి గుట్ట, మబ్బు, వంక అన్నీ కలిసి పేడనీళ్ల రంగుకు తిరిగాయి. తడిగుడ్డతో తుడిస్తే కాగితం నూగు లేచి, గుట్ట నెత్తిన చిల్లి పడింది.

కర్నూలు పోయి ఇంకో కాగితం తెచ్చేసరికి, నిజం గుట్టకు కూడా నెత్తి లేదు.

చిన్నాన్న కుంచె పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. వెనక అవ్వ నిలబడింది. ఆమే అంది.

"ఉన్నకాడికి గీయి నాయనా. రేపటికి అదీ ఉండదు."

గీశాడు. మిగిలిన సగం గుట్ట, దాని పైన వట్టి తెల్ల కాగితం.

"ఈడ ఇంకేమన్నా ఎయ్యాల్నా అమ్మా?"

అవ్వ ఆయన చేతిలోంచి కుంచె తీసుకుని, నీళ్లలో కడిగి, పక్కన పెట్టింది.

ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతుంటే అక్కడ గుంత తప్ప ఏమీ కనబడదు. గుట్ట ఉండేదని పక్కవాళ్లకు చెప్పి చెప్పి నాకూ అలుపొచ్చింది... మీ ఊళ్లోనూ ఇలా పోయిన గుట్ట ఉంటే, అది ఎట్లుండేదో కింద రాయండి. బాగుంటుందని వానా, పచ్చికా కలపకండి... ఎండినదాన్ని ఎండినట్టే రాయండి.