మిద్దె మీది ఎండ

అన్ని దేశాలకూ స్వచ్ఛమైన కరెంటు అందించే విధానం రాస్తున్న అంతర్జాతీయ బృందంలో నేనూ ఉన్నాను. ఆ రోజు బేతంచెర్లలో మా ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్ సమావేశంలో మాట్లాడుతున్నాను. పొద్దెక్కుతున్నా మా సోలార్ కరెంటు తగ్గుతోందని ఫోన్ చూపించింది. ఆకాశంలో మబ్బు లేదు. విరామంలో మిద్దెక్కి చూస్తే, మా అత్త సోలార్ పలకల మీద పాత పంచె పరిచి మినప వడియాలు పెడుతోంది.

"ఏంది అత్తా ఇది?"

"మిద్దెంతా నీ పలకలే పరుచుకోని ఉండాయి. నేను యాడ పెట్టుకోవాల?"

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. పలకలు బిగించినవాళ్లు మిద్దెను కొలిచారు గాని, దాన్ని ఎవరు వాడుకుంటున్నారో అడగలేదు. మా ముసాయిదాలోనూ ఆ మాట లేదు.

కిందికి దిగి ఒక వాక్యం చేర్చమన్నాను: పలకలు పెట్టేముందు, అక్కడి ఎండను అప్పటికే వాడుకుంటున్న ఆడవాళ్లను అడగాలి. ఆధారమేమిటని ఒక ప్రతినిధి అడిగాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ మిద్దెక్కి కెమెరా పలకల మీది వడియాల వైపు తిప్పాను.

ఆ వాక్యాన్ని ఎవరూ కాదనలేదు. మా అత్త మాత్రం తలెత్తకుండా, "వడియాల మీద నీడ పడతాంది. రవంత పక్కకు జరగండప్పా," అంది అన్ని దేశాలతోనూ.