బోణీ వేళ నా ఇంగ్లీషు

మా బట్టల దుకాణం మొయినాబాద్‌లో, చేవెళ్ల రోడ్డు మీదే. నేను కోడలిగా వచ్చేనాటికి అజీజ్‌నగర్ పొలాలన్నీ ఫాంహౌస్‌లవుతున్నాయి. ఆదివారం వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్లు మా ముందే ఆగేవి. వాళ్ల ఇంగ్లీషుకు మా మామయ్య దగ్గర జవాబు ఉండేది కాదు.

"డిగ్రీ చదివినవు గదా బిడ్డా, ఈ ఆదివారం నువ్వు మాట్లాడు. బేరం కుదిరితే రోజూ దుకాణంల కూసో. లేకుంటే మీ అత్తకు వంటింట్ల సాయం ఉండు," అన్నారు.

నాకు వంటిల్లంటే ఒళ్లుమంట. ఆ వారమంతా అద్దం ముందు ఒకటే కసరత్తు. చీర చూపించేటప్పుడు 'సీ' అనాలా, 'లుక్' అనాలా? 'వాచ్' అంటే టీవీ చూడమన్నట్టు ఉంటుందేమో! 'బయ్' అంటే మీద పడ్డట్టుంది, 'టేక్' అంటే ఊరికే ఇచ్చేస్తున్నట్టుంది. చివరికి 'ప్లీజ్ సీ', 'ప్లీజ్ బయ్' ఖాయం చేసుకున్నాను.

ఆదివారం షట్టర్ ఎత్తి దీపం పెట్టామో లేదో, కారులోంచి ఒక జంట దిగింది. 'ప్లీజ్ సీ' అన్నాను. ఆమె నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మామయ్య ఒకదాని మీద ఒకటి చీరలు విప్పుతూ పోయారు. ఆమె అన్నీ చూసి, బ్యాగు భుజానికి తగిలించుకుని, "జస్ట్ లుకింగ్" అంటూ లేచింది.

బోణీ కాకముందే ఉత్త చేతులతో పోవడమా! తొలి గిరాకీ అలా పోతే మా ఇంట్లో ఆ రోజంతా అందరి మొహాలూ మాడిపోయి ఉంటాయి.

"నో లుకింగ్! బయ్!" అని అరిచేశాను.

అరిచింది నేనేనా? ఆమె భర్త కారు తాళం పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. మామయ్య చేతిలోని చీర చేతిలోనే ఉండిపోయింది. అయిపోయింది, ఇక వంటిల్లే నాకు గతి అనుకున్నాను. ఇంగ్లీషు ఒక్క ముక్క నోట్లోకి రాలేదు. చేతులు జోడించాను.

"బోణీ టైం అమ్మా. మొదలు వచ్చినోళ్లు ఏం కొనకుండ పోతే మాకు మంచిగ కాదు. కోపం చెయ్యకుండ్రి, జర ఒక్క దస్తీ అన్న తీసుకోండ్రి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చేతిరుమాళ్ల డబ్బాలోంచి ఒకటి తీసుకుని, డబ్బులు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

వాటిని మామయ్యకు ఇవ్వబోయాను. బోణీ డబ్బులు ఆయన తప్ప ఎవరూ గల్లాపెట్టెలో వేయరు. ఇన్నేళ్లలో మా అత్తయ్య కూడా వేయలేదు. ఆయన తీసుకోలేదు. గల్లా దగ్గర్నుంచి లేచి పక్కకు జరిగారు.

"గిరాకీని గట్ల బెదిరిస్తరా ఎవరన్న? సరే, నువ్వు చేసిన బోణీ, నువ్వే ఎయ్యి."

డబ్బులు గల్లాలో పడేశాను.

"అయ్యో, కండ్లకు అద్దుకోవాలె బిడ్డా!" అని గట్టిగా అరిచారు.

మళ్లీ తీసి, కళ్లకద్దుకుని, వేశాను. అప్పుడు గానీ నేను ఆయన చోట్లో కూర్చున్నానని నాకు తెలియలేదు.