‘గివ్ అప్’కు నాలుగు మాటలు

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో జిరాక్స్ మిషన్ నుంచి అప్పుడే దిగిన కాగితం వేడి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. ఇందులో జబ్బేమీ లేదు. నా చిన్నప్పుడు ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంటి మెట్ల మీద, సాయంత్రం నాలుగింటికి, జిరాక్స్ నోట్సుల ఆ వాసనా, అమ్మ చేసిన సర్వపిండిలోని నువ్వుల వాసనా, పై వాటా సుబ్బలక్ష్మి ఆంటీ తెచ్చే ఆవ పులిహోర ఘాటూ కలిసే వచ్చేవి. ఎండాకాలం చెమటలోనూ, వినాయక చవితి మైకుల హోరులోనూ ఆ ఇద్దరూ సర్కారు కొలువు పరీక్షకు చదివేవాళ్లు. వయసు రీత్యా అమ్మకు అదే ఆఖరి పరీక్ష. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. గోడ మీది క్యాలెండర్ అనేది.

ఇద్దరి గండమూ ఒకటే: ఇంగ్లిష్ పర్యాయపదాలు. నాలుగిట్లో సరైనది గుర్తించాలి, తప్పు పెడితే మార్కు కోత. బట్టీ నిలవడం లేదని అమ్మ ఒక పద్ధతి పెట్టింది: మాటకో మనిషి. ‘గివ్ అప్’ కింద ‘క్విట్’ మా నాన్న, వారానికోసారి సిగరెట్ మానేవాడు కాబట్టి. ‘అబాండన్’ ఇంటి ఓనరు, మేడ మీద గది సగం కట్టి వదిలేశాడు గనక.

“మరి సరెండర్‌కు ఎవర్ని వెడదాం?” అంది అమ్మ.

“మా ఆయన ఉన్నారుగా వదినా, పెళ్లైన వారం నుంచీ,” అంది ఆంటీ.

‘రెలింక్విష్’ దగ్గర బండి ఆగింది. చేతిలో ఉన్నదాన్ని తనంతట తాను వదులుకోవడమట. నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు దొర్లే గల్లీలో అలాంటి మనిషిని వెతకడం మర్యాద కాదు. ఆ మాట ఖాళీగా ఉండిపోయింది.

పరీక్షలో ఒక ప్రశ్నలో రాజుగారెవరో సింహాసనం వదులుకున్నాడు. తెలిసిన మొహం కదా అని అమ్మ ‘రెలింక్విష్’ను దాటేసి ఓనర్ని గుర్తించింది.

ఆంటీకి కొలువొచ్చింది, అమ్మకు రాలేదు. ఆ ఒక్క మార్కుతోనే పోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. మిగతా మార్కుల ఊసు మేమెత్తం.

ఫలితాలొచ్చిన మర్నాడు నాలుగింటికి అమ్మ పుస్తకంతో మెట్ల మీదే ఉంది. స్వీటు డబ్బాతో దిగిన ఆంటీ నిలబడిపోయింది.

“వయసైపోయిందన్నారు కదా వదినా, ఇంకా ఎందుకండీ చదవడం?”

“గాళ్ల లెక్కల అయిపోయింది. నాకేడ అయిపోయింది? జర జరుగు వదినా, ఎలుగుకు అడ్డమొచ్చినవ్.”

ఆంటీ పైకెళ్లి, ఎవరినీ తాకనివ్వని తన నోట్సులన్నీ తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ ‘రెలింక్విష్’ పక్కన ఆంటీ పేరు రాసుకుంది.

రెండేళ్లకు సర్కారు వయోపరిమితి పెంచింది. “నేను జెప్పలే?” అంది అమ్మ, తనను అడిగే పెంచినట్టు. ఆ పరీక్షలో ఆమెకు కొలువొచ్చింది.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. మెట్లున్నాయి గానీ, లిఫ్ట్ ఉండగా వాటి మీద కూర్చునే మనుషులు లేరు. లిఫ్టులో ఇద్దరు ఆడవాళ్లు మూడో అంతస్తు చేరేలోపు “బాగున్నారా” వరకే రాగలరు. కోచింగులు ఫోన్లలోకి వెళ్లిపోయాయి, సర్వపిండి అట్టపెట్టెలో వస్తోంది.

పోయిన నెల అమ్మ రిటైరైంది. నాలుగో రోజున నన్ను పిలిచి, “నా ఈడోళ్లకు ఏమన్న పరీక్షలున్నయేమో జూడవే,” అంది.

చూస్తున్నాను.