ఏడుని ఒకటని చదివాను

"నీకు అంకెలు బాగా నేర్పనేకపోనాను అత్తా. తప్పు నాదే."

"పోన్లే అమ్మా. అయిపోయిందానికేటి."

ఇవే మా అత్తాకోడళ్ల మధ్య ఆఖరి మాటలు. రంగత్ వెళ్లే బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నా కోడలు ఆ మొదటి మాట అంది. కింద నిలబడి నేను ఈ మాట అన్నాను. బస్సు కదిలితే చెయ్యి కూడా ఊపాను. తప్పు చేసినదాన్ని నేను. తప్పు నాదే అని చెప్పి వెళ్లింది అది. నేను క్షమించాను. క్షమించానండీ, నేను! ఏళ్లయిపోయింది. ఆ క్షమించడమే నా గుండె మీద రాయిలా కూర్చుంది. పక్కకి తిరిగి పడుకుంటే అదీ నాతో పాటే తిరుగుతుంది.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోతేనే చెప్పగలను. నేను చెబుతుంటే మా తమ్ముడి భార్య రాస్తోంది. సోంపేట నుంచి వచ్చిన పిల్ల, తెలుగు బాగా రాస్తుంది. ఇక్కడ అండమాన్‌లో పుట్టిన మా పిల్లలకి మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. నా పేరు రాయొద్దన్నాను. మాటలు మార్చొద్దన్నాను.

మాది బాంబూఫ్లాట్, పోర్ట్ బ్లెయిర్‌కి నీళ్లవతల. జెట్టీ దగ్గర నాకు టిఫిన్ బండి ఉంది. కోడలు మా ఇంటికి వచ్చేనాటికి పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. రోజూ ఫెర్రీ పడవ మీద వెళ్లి వచ్చేది. ఆఖరి సంవత్సరంలో మా ఆయన మంచాన పడ్డాడు. ఆయనకి ఒళ్లు తుడిచింది, గంజి పట్టింది, ఎత్తి కూర్చోబెట్టింది. నేను బండి దగ్గరుంటే ఇంట్లో అదే ఉండేది. అలా ఉండిపోయి ప్రోగ్రామింగ్ పరీక్ష ఒకటి రాయలేకపోయింది. ఎవరి మొగుడి కోసం పోయింది ఆ పరీక్ష? నా మొగుడి కోసం. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే దాచినట్టుంటుంది.

ఆయన పోయాక అది మళ్లీ కాలేజీకి వెళ్లి అడిగింది. పాత పాఠాలు తీసేశారట, ఆ పరీక్ష ఇంక పెట్టరట. దాని బదులు ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు ఏదైనా పాసైతే, ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుపుతారట. ఆ ఏడాది లోపలే. ఏడాది దాటితే మొత్తం చదువే చెల్లదట.

అక్కడ మొదలైంది దాని వెతుకులాట. కొన్ని కోర్సుల ఫీజు వింటే మాలాంటివాళ్ల కళ్లు తిరుగుతాయి. కొన్ని చవకే, కానీ గోడకి తగిలించుకునే కాయితం ఇస్తారు తప్ప డిగ్రీలో కలవవు. కలిసేదీ, మేము కట్టగలిగేదీ రెండూ ఒకచోట దొరకాలి. బండి దగ్గర గిన్నెలు కడుగుతూ ఒక కన్ను ఫోన్ మీదే ఉండేది. చివరికి దొరికింది. గవర్నమెంటుదట. పాఠాలు ఊరికే చెబుతారు, పరీక్షకి మాత్రం కొంచెం కట్టాలి. ఆ రోజు అది తడి చేతులతోనే నన్ను పట్టుకుని ఊపేసింది. మా వైపు నెట్టు సరిగ్గా రాదని ఫెర్రీ ఎక్కి అవతలికి వెళ్లి, పాఠాలు ఫోన్లోకి దించుకుని వచ్చి, ఇంట్లో చూసుకునేది.

ఆ రోజుల్లోనే నాకు అంకెలు నేర్పింది. నేనడగలేదు. గిరాకీ లేనప్పుడు బండి రేకు మీద తడి వేలితో రాసేది. "ఒకటి నిటారుగా నిలబడుద్ది అత్తా. ఏడుకి తల ఒంగుద్ది, గేలంలాగ." నాకు వచ్చేశాయి. ఆ వయసులో వచ్చేశాయి. ఫోన్లో నంబరు చూసి నేనే నొక్కేదాన్ని. మెసేజీలు నిండిపోతే కొత్తవి రావని, పాతవి చెరపడం కూడా నేర్పింది.

ఒక్క అంకె తప్పినా కంప్యూటర్ ఒప్పుకోదని కూడా అదే చెప్పింది. అది గుర్తుంది నాకు. బాగా గుర్తుంది.

మరి ఎందుకు చేశాను? నా కొడుకు అదే కాలేజీలో చేరి మధ్యలో మానేసినవాడు. ఆటో నడుపుతాడు. ఒకరోజు బండి దగ్గర పూరీ తింటున్న ఒక డ్రైవరు, వాడి ఎదురుగానే, "దీదీ, నీ కోడలు గ్రాడ్యుయేట్ అయిపోతే నీ బేటా ఆవిడకే డ్రైవరు" అన్నాడు. అందరూ నవ్వారు. నా కొడుకు కూడా నవ్వాడు. ఆ పూట వాడు తిన్న పళ్లెం కోడలు తియ్యబోతే విసురుగా లాక్కుని వాడే కడుక్కున్నాడు. అది చూశాను. వాడి కోసమే చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజమేనా? డిగ్రీ వస్తే దానికి ఆఫీసులో పని దొరుకుతుంది, బండి దగ్గర నాకు రెండో జత చేతులు ఉండవు, అది కాదా? లేకపోతే రేకు మీద వేలు పెట్టి నాకు అంకెలు చూపిస్తున్నప్పుడు, నా ఇంటికి వచ్చిన పిల్ల నాకు పాఠం చెప్పడమేమిటని లోపల ఎక్కడో మండిందా? ఏదో ఒకటి అయితే బాగుండేది. అన్నీ ఉన్నాయి.

పరీక్షకి పేరు ఎక్కించుకోవడానికి ఆఖరి రోజు. అది అవతల పోర్ట్ బ్లెయిర్‌లో నెట్ షాపులో కూర్చుంది. మా ఇంటికి వచ్చిన కొత్తలో సొంత ఫోన్ లేక కాలేజీలో మా ఇంటి నంబరే ఇచ్చింది. రహస్యపు అంకెలు, ఓటీపీ అంటారు, ఆ నంబరుకే వస్తాయి. ఆ బటన్ల ఫోన్ నా దగ్గర, జెట్టీలో.

"అత్తా, మెసేజ్ వచ్చిందా? నెమ్మదిగా సదువు."

చదివాను. మధ్యలో తల వంచుకుని ఏడు నిలబడి ఉంది. గేలంలాగే ఉంది. ఒకటి అన్నాను.

నోరు జారిందని చెప్పుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. జారలేదు. పడలేదత్తా, మళ్లీ పంపుతున్నాను అంది. రెండోసారి వచ్చినదానిలో ఏడు లేదు. మూడుని ఎనిమిది చేశాను. అదీ పడలేదంది. అయినా విసుక్కోలేదు, కంగారు పడకు అత్తా అని నాకే ధైర్యం చెప్పింది. ఆ మాటకైనా ఆగాలి కదా నేను? మూడోసారీ మార్చాను. ఇంక ఈ రోజుకి తీసుకోదట అని ఫోన్ పెట్టేసింది.

ఫెర్రీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. మెసేజీలు చూపించమంది. అప్పటికే చెరిపేశాను. అలవాటుగా తీసేశానమ్మా అన్నాను. నా మొహం వంక చూసింది. కనిపెడుతుందనుకున్నాను. కనిపెట్టలేదు. ముసలిదాని చేత చదివించడం నా బుద్ధి తక్కువ అని, బండి వెనక కూలబడి ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను. ఈ చేత్తోనే.

ఆ ఏడాది దాటిపోయింది. చదువు పోయింది. మా అమ్మ ఏడుని ఒకటని చదివుంటుందని నా కొడుకు జెట్టీలో హాస్యంగా చెప్పేవాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని. వాడికి దానివల్ల ఏం ఒరిగింది? తాగుడు ఎక్కువైంది. కోడలు మాట్లాడడం తగ్గించింది. మాట్లాడకపోతే పొగరంటాడు, మాట్లాడితే పెద్ద చదువుకున్నదానివి అంటాడు. చివరికి రంగత్‌లో పుట్టింటికి వెళ్లిపోయింది. అక్కడ ఒక షాపులో కూర్చుని ఊళ్లో పిల్లలకి కాలేజీ దరఖాస్తులు పెడుతోందట, చవకగా దొరికే కోర్సులు వెతికి పెడుతోందట. వాళ్ల ఫోన్లకి వచ్చే అంకెలు తనే చూసి కొడుతుందట, ఎవరి చేతా చదివించదట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంకొకటుంది. ఆ రోజు నుంచి నాకు అంకెలు రానట్టే ఉన్నాను. రావని అందరూ నమ్మారు కదా, వస్తే ఎలా? నంబరు ఎవరి చేతో నొక్కిస్తాను. బస్సు నంబరు కనిపిస్తూనే ఉంటుంది, పక్కవాళ్లని అడుగుతాను. పాపం పెద్దావిడ అని చెబుతారు. అది నాకిచ్చింది ఒక్కటే, దాన్ని కూడా దొంగసొమ్ములా దాచుకుని బతుకుతున్నాను.

నన్ను మన్నించమని దాన్ని అడగను. అడిగితే మన్నించేస్తుంది, అదే నా భయం. మీరు కూడా మన్నించొద్దు. ఇది నా నోట్లోంచి బయటికి వచ్చింది. అంత చాలు నాకు, కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఏమ్మా, రాయడం ఆపి నా వంక చూస్తున్నావేమిటి? ఏడుస్తావేమిటి? కళ్లు తుడుచుకో. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నేను దానికి చదివినట్టు చదవకు. ఉన్నది ఉన్నట్టు చదువు.